ఆఫీసు గదిలో ఎర్ర చుక్క

“సార్, మా చెరువులో మైనస్ పన్నెండు చేపలున్నాయి!”

వెనక బెంచీ నుంచి ఆ మాట వినబడగానే కంప్యూటర్ గది మొత్తం గొల్లుమంది. నవ్వనిది నేనొక్కణ్ణే. అది నా మొదటి ఉద్యోగం. ఉద్యోగంలో మొదటి బడి. ఆ బడిలో మొదటి క్లాసు.

గది చివర చేతులు కట్టుకుని నిలబడ్డ సైన్స్ టీచర్ తాపీగా నడిచి వచ్చి ఆ తెర మీదికి వంగి చూసింది.

“ఏమండీ, మైనస్ చేప ఎలా ఉంటుందో ఒక్కటి చూపిస్తారా? సైన్స్ చెప్పేదాన్ని, నేనే ఎప్పుడూ చూడలేదు.”

“అది... చిన్న పొరపాటండీ. ఇప్పుడే సరిచేస్తాను.”

“చిన్నదా? చెరువులో ఉన్నవన్నీ పట్టేశారు, అది చాలక లేనివి కూడా పట్టేస్తున్నారు. మీ పడవవాళ్ళకి కాస్త చెప్పండి, పాపం.”

పిల్లలు బల్లలు చరిచారు. నేను కీబోర్డు వైపు తల దించుకున్నాను. తప్పు నాదే మరి.

మా కంపెనీ తయారు చేసింది బడిపిల్లల కోసం ఒక సాఫ్ట్‌వేర్. తెర మీద చుక్కలుంటాయి. ఒక్కో చుక్క చేప కావచ్చు, పడవ కావచ్చు, రోడ్డు మీద కారు కావచ్చు, మనిషి కావచ్చు. ఒక్కోదానికి ఒకటో రెండో చిన్న నియమాలు పిల్లలే రాస్తారు. ‘నడిపించు’ అనే బటన్ నొక్కితే చుక్కలన్నీ తమ తమ నియమాల ప్రకారం కదులుతాయి. ఏ ఒక్క చుక్కకీ మిగతావాటి సంగతి తెలియదు. అయినా అన్నీ కలిసి ఎవరూ అనుకోనిది చేస్తాయి. ట్రాఫిక్ ఎందుకు ఆగిపోతుందో, ఒకడి జలుబు క్లాసంతా ఎలా పాకుతుందో పిల్లలు పుస్తకంలో చదవక్కర్లేదు, తామే చేసి చూసుకోవచ్చు.

ఆ రోజు పాఠం చెరువు. పడవకి ‘రోజూ ఇన్ని చేపలు పట్టు’ అని నియమం రాశాను. ‘చేపలు లేకపోతే పట్టకు’ అని రాయడం మరిచిపోయాను.

గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె వెళ్ళలేదు.

“పెద్ద మేడం మీకు ఈ ఒక్క టర్మే ఇచ్చారు, తెలుసుగా? టర్మ్ చివర్లో ఉంచుకోవాలా వద్దా అని నన్నే అడుగుతారు. ఆవిడ నాకు పెద్దమ్మ. నన్ను పెంచింది ఆవిడే. కాబట్టి ఈ బడిలో నేను ఏం చేసినా అందరూ రెండుసార్లు చూస్తారు. బాగా లేనిదాన్ని బాగుందని నేను చెప్పలేను.”

“చెప్పొద్దండీ.”

“ఏంటి?”

“బాగా లేకపోతే బాగుందని చెప్పొద్దు. రేపటికి చేపలు బతుకుతాయి.”

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసింది. కోపంతోనో, నవ్వుతోనో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆ చూపు గురించే ఆలోచించాను. ఆ చూపుకి నియమం ఏమిటో నాకు దొరకలేదు.

మర్నాడు చేపలు బతికాయి. 

అప్పట్నుంచి సాయంత్రం గంట కొట్టాక ఇద్దరం కూర్చుని తర్వాతి పాఠం తయారు చేసేవాళ్ళం. ఆమె అడిగేది, నేను సరిచేసేవాణ్ణి. “ఈ కుందేలు పిల్లలు పెడుతోంది సరే, ముసలిది ఎప్పుడవుతుంది?” అనేది. “చీమకి దారి ఎవరు చెప్పారు? చెప్పకుండా ఎలా తెలిసింది?” అనేది. ఆమె ప్రశ్నకి సమాధానం వెతికేటప్పుడే నా సాఫ్ట్‌వేర్ నాకు కొత్తగా అర్థమయ్యేది.

నేను ఏదైనా చెప్పే ముందు కొంచెంసేపు ఆగుతాను. అలవాటు.

“మీరు మాట్లాడే ముందు కూడా సేవ్ చేసుకుంటారా?” అంది ఒక రోజు.

“తప్పు మాట్లాడితే వెనక్కి తీసుకోలేం కదండీ.”

“అమ్మో! మీతో పోట్లాడాలంటే సెలవు పెట్టుకుని రావాలి.”

ఆమెకి నవ్వులాటగానే ఉండేది. నాకు అది భయం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కణ్ణే. నాన్న టైలర్. అక్క షాపులో నాన్న పక్కనే కూర్చుని కాజాలు కుడుతుంది, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతుంది. ఇంట్లో వాళ్ళందరూ కింద నిచ్చెన పట్టుకుని నిలబడితే పైకెక్కినవాడు అటూ ఇటూ చూడకూడదు, కాలు జారుతుంది. నేను మాత్రం రోజూ సాయంత్రం అటే చూస్తున్నాను.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. సన్నగా మొదలై, మేం సైకిల్ షెడ్డు దాకా వచ్చేసరికి రేకుల మీద దబదబలాడింది. ఆమె చెయ్యి బయట పెట్టి వాన బరువు చూసింది. నేను నా గొడుగు తీసి ఆమెకిచ్చాను. పెద్ద నల్ల గొడుగు. ఒకచోట చిరిగితే నాన్న స్కూలు యూనిఫాం గళ్ళగుడ్డ ముక్క అతుకు వేశాడు. తెరిస్తే ఆకాశంలో చిన్న కిటికీ ఉన్నట్టు ఉంటుంది.

“మరి మీకో?”

“నాకు వానంటే ఇష్టమండీ.”

“ఆహా! అబద్ధమైతే మాత్రం సేవ్ చేసుకోకుండానే చెప్పేస్తారే!”

నవ్వుతూ గొడుగు తెరిచి, గేటు దాకా వెళ్ళి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నేను తడిసి ముద్దయి ఇంటికి చేరాను. అక్క తువ్వాలు విసిరికొట్టింది.

మర్నాడు ఆమె గొడుగు తిరిగివ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. వానలు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి. ఆమె నా గొడుగు వేసుకుని పొడిపొడిగా బడికి వచ్చేది, దాన్ని మడిచి స్టాఫ్ రూములో పెట్టుకునేది. నేను తుమ్ముకుంటూ వచ్చేవాణ్ణి.

అడగాలా? అడిగితే ఒక గొడుగు కోసం ఇంత పీనాసితనమా అనుకుంటుంది. అడక్కపోతే? మర్చిపోయిందా? మర్చిపోయిందంటే నన్ను కూడా మర్చిపోయినట్టేనా? ఈ లెక్క ఎటు తిప్పినా నాకు తుమ్మే మిగిలేది.

పెద్దవాళ్ళు గమనించారో లేదో గానీ పిల్లలు గమనించారు.

తర్వాతి పాఠం పుకారు. ఒక మాట బడంతా ఎలా పాకుతుందో పిల్లలు మోడల్ చెయ్యాలి. ఒక్కొక్కరూ తమకో చుక్క పెట్టుకుని, తాము రోజూ ఎవరితో మాట్లాడతారో వాళ్ళ చుక్కకి గీత కలిపారు. టీచర్లనీ, అటెండర్‌నీ, ఆఫీసు గదిలో పెద్ద మేడంనీ కూడా పెట్టారు. మాట విననివాళ్ళు నీలం, విన్నవాళ్ళు ఎరుపు. విసుగు పుట్టి చెప్పడం మానేసినవాళ్ళు బూడిదరంగు.

“పుకారుకి ఏదో ఒక పేరు పెట్టండి,” అంది సైన్స్ టీచర్.

ముందు బెంచీలో కూర్చునే అమ్మాయిని అందరూ రెండు జడలు అంటారు. ఆ రెండు జడలూ లేచి నిలబడ్డాయి.

“గొడుగు, మేడం.”

గది అంతా పగలబడి నవ్వింది.

“గొడుగంటే?” అన్నాను నేను.

“ఏం లేదు సార్. ఊరికే పేరు. గళ్ళ అతుకున్న గొడుగు.”

ఆమె అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టింది. బోర్డు మీద ఏమీ లేదు. అయినా తుడుస్తూనే ఉంది.

‘నడిపించు’ నొక్కారు. వెనక బెంచీలో ఒక చుక్క ఎర్రబడింది. దాని పక్కది. తర్వాత ఒక వరస. తర్వాత పక్క క్లాసు, లైబ్రరీ, ఆటస్థలం, స్టాఫ్ రూము. చూస్తూండగానే బడి అంతా కందిపోయింది. ఈ మాట పెద్ద మేడం చెవిన పడితే? వచ్చిన పని వదిలేసి ఇదా నువ్వు చేసేది అని గేటు బయటికి పంపేస్తారు. అంతకంటే ఘోరం, ఆమెని పదిమందిలో తలెత్తుకోనివ్వకుండా చేసినవాణ్ణవుతాను. ఇక ఆ సాయంత్రాలు ఉండవు. ఆ గదిలో నా పక్క కుర్చీ ఉండదు.

అన్నీ ఎర్రబడ్డాక ఒక్క చుక్క మాత్రం మూల నీలంగా మిగిలిపోయింది. ఆఫీసు గది.

“పెద్ద మేడంకి తెలియలేదేంటి?” అన్నాడు ఒకడు.

“పెద్ద మేడంతో కబుర్లు చెప్పేది ఎవర్రా? నువ్వు చెబుతావా?” అంది రెండు జడలు.

నిజమే. ఆ చుక్కకి ఒక్క గీత కూడా లేదు. నాకు ఊపిరి వచ్చింది.

ఆ ఊపిరి ఇంటికి వెళ్ళేదాకానే. గీత లేని చుక్క ఎర్రబడదని తెలిసినా మనసు ఊరుకుంటుందా? లాప్‌టాప్ తెరిచి మళ్ళీ నడిపించాను. నీలమే. ఇంకోసారి. నీలమే. మర్నాడు బడి నుంచి రాగానే మళ్ళీ అదే పని. టీ చల్లారిపోయినా చూసుకోలేదు.

“ఏంట్రా అది? బట్టల మీద ఎర్రపూసలు ఒలకబోసినట్టు. రోజూ అదే ఆట?” అంటూ అక్క వచ్చి పక్కన కూర్చుంది.

అక్క పక్కన కూర్చుంటే ఏదీ దాచలేను. గొడుగు సంగతి, పిల్లల సంగతి, సైన్స్ టీచర్ సంగతి చెప్పేశాను.

“అయితే ఆ మూల నీలం చుక్క ఎవరు?”

“హెడ్‌మిస్ట్రెస్. ఆవిడకి తెలియకూడదక్కా.”

“తెలియడం లేదుగా మరి. ఎన్నిసార్లు నొక్కినా తెలియడం లేదు. మంచిదేగా?”

“మంచిదే.”

“మంచిదైతే నీ మొహమెందుకురా అంత వేలాడిపోయింది?”

కాసేపు ఆగాను. సేవ్ చేసుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

కొన్నాళ్ళకి, వాన ముసురుపట్టిన ఒక ఉదయం, బడి గేటులో అడుగు పెట్టగానే అటెండర్ ఎదురొచ్చాడు.

“చుక్కల సార్, పెద్ద మేడం రమ్మంటున్నారు. లాప్‌టాప్ తెచ్చుకోమన్నారు.”

వరండా పొడవునా నా బూట్ల చప్పుడు నాకే వినబడుతోంది. ఆఫీసు గదిలోకి తొంగిచూశాను. గోడకి ఆనించి నా గొడుగు. దాని కొసనుంచి నీళ్ళు కారి గచ్చు మీద చిన్న మడుగు కట్టాయి. కిటికీ దగ్గర సైన్స్ టీచర్ బయటికి చూస్తూ నిలబడింది. నేను వచ్చానని తెలిసినా తల తిప్పలేదు.

“కూర్చో బాబూ,” అన్నారు పెద్ద మేడం. “నిన్న యూనిఫాంల సంగతి మాట్లాడదామని టైలర్ షాపుకి వెళ్ళాను. వాన పడుతోందని మా అమ్మాయి తెచ్చిన గొడుగు పట్టుకెళ్ళాను. షాపులో ఉన్నమ్మాయి దాన్ని చూసి, ‘అయ్యో మేడం, ఇది మా తమ్ముడిది, ఈ అతుకు మా నాన్న వేసింది’ అంది. ‘అయితే ఆ సైన్స్ టీచర్ మీ అమ్మాయేనా?’ అని కూడా అంది.”

నేను కుర్చీలో కూర్చున్నానో, కుర్చీ నా మీద కూర్చుందో తెలియడం లేదు.

“మీ అక్క మాటకారి సుమా. నేను ఒక్కటి అడిగితే ఆ అమ్మాయి పది చెప్పింది. సరే, నీ సాఫ్ట్‌వేర్ ప్రకారం ఈ మాట నా దాకా రాకూడదట కదా?”

“రా... రాకూడదు మేడం.”

“మరెలా వచ్చింది? తెరిచి చూపించు.”

లాప్‌టాప్ తెరిచి నడిపించాను. చుక్కలు వరసగా ఎర్రబడ్డాయి. ఆఫీసు గది నీలంగా ఉండిపోయింది. ఎదురుగా పెద్ద మేడం అన్నీ తెలిసి కూర్చున్నారు, తెర మీద మాత్రం ఏమీ తెలియనట్టు నీలంగా మెరుస్తున్నారు.

అప్పుడు చూశాను. ఇన్నాళ్ళుగా నడిపిస్తూ ఎప్పుడూ చూడనిది. ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ చుక్క ఉంది. అటెండర్‌కి ఉంది. నాకు లేదు.

“నన్ను నేను పెట్టుకోలేదు మేడం. మా అక్కనీ, నాన్ననీ పెట్టలేదు. మా షాపు నుంచి మీ గదికి గీత ఉందని తోచనే లేదు.”

“ఎందుకని?”

“నడిపించేవాణ్ణి కదా... నేను బయట ఉన్నాననుకున్నాను.”

“బయటే ఉండాలనుకున్నారు. అలా చెప్పండి.”

కిటికీ దగ్గరనుంచి వచ్చింది ఆ మాట. ఆమె ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“రోజూ ఇంటికెళ్ళి, ఆ మాట ఎప్పుడు చచ్చిపోతుందా అని నొక్కి నొక్కి చూసుకున్నారట. మీ అక్కే చెప్పిందట. అంత నామోషీగా ఉందా మీకు? నా పేరు పక్కన మీ పేరు వినబడితే?”

“అది కాదండీ...”

“మరేంటి? చెప్పండి. సేవ్ చేసుకుని మరీ చెప్పండి, ఆగుతాను.”

నేను ఆగలేదు.

“ఆ మాట నిజం కాదేమోనని నా భయమండీ. పుకారుగా ఉన్నంతసేపూ నాకు కాస్త బాగుండేది. పెద్ద మేడం దాకా వస్తే ఆవిడ మిమ్మల్ని అడుగుతారు. మీరు నవ్వేసి, ‘అబ్బే, వట్టిదే పెద్దమ్మా, తడుస్తానని ఒక గొడుగిచ్చాడంతే’ అంటారు. అప్పుడు అది కూడా ఉండదు. ఆ చుక్క నీలంగా ఉండాలనుకుంది అందుకే. నీలంగానే ఉంటే, ఇక ఎప్పటికీ పుకారుగానే మిగిలిపోతుందని ఏడుపూ వచ్చేది. మా అక్క అడిగితే కూడా ఎందుకో చెప్పలేకపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. తప్పైతే ఈ రోజే లాప్‌టాప్ సర్దుకుని వెళ్ళిపోతాను. పిల్లలకి చెప్పే పాఠాలు మాత్రం ఆపకండి, కంపెనీ ఇంకొకర్ని పంపుతుంది.”

ఇంత పొడుగ్గా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది. లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాను, మూసేద్దామని.

“ఆగు బాబూ,” అన్నారు పెద్ద మేడం. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “లెక్కలో నువ్వొక్కడివే తప్పిపోలేదు. ఇంకో గీత కూడా పెట్టలేదు మీరు.”

“ఏ గీత మేడం?”

“మా ఇంట్లో నేనూ, ఇదిగో ఈవిడా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. మీ పిల్లలెవరికీ అది తోచలేదు పాపం. ఈవిడకి తోచినా పెట్టలేదు.”

“పెద్దమ్మా, వద్దు,” అంది ఆమె.

“వద్దేంటి? గొడుగు తెచ్చిన సాయంత్రమే నన్నడిగిందయ్యా. ‘పెద్దమ్మా, గొడుగు రేపే ఇచ్చెయ్యాలా, ఇంకొన్నాళ్ళు ఉంచుకోవచ్చా?’ అని. నీకు గొడుగులకేం తక్కువే, మూల నిండా ఉన్నాయి కదా అన్నాను. ‘అవి కాదు, ఇదే బాగుంది’ అంది. బడిలో ఇంకెవరికీ ఏమీ తెలియక ముందే నాకు తెలుసు.”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది.

“తిరిగి అడుగుతారేమోనని చూశానండీ. అడిగితే ఇస్తూ ఏదో ఒకటి అందామనుకున్నాను. మీరు అడగనే లేదు. తుమ్ముకుంటూ తిరిగారు గానీ అడగలేదు. నాకు కోపం, జాలీ రెండూ వచ్చేవి.”

“అడిగితే పీనాసి అనుకుంటారని...”

“ఏమనుకుంటానో మీరే అనుకునేస్తే ఇక నేనెందుకు?”

పెద్ద మేడం కుర్చీలోంచి లేచారు. “మీ నాన్నగారిని నిన్న చూశాను. నిమ్మళమైన మనిషి. ఆదివారం అందర్నీ తీసుకుని మా ఇంటికి రా. మీ అక్కని ముందు రానివ్వకు, మనం మాట్లాడుకోవాల్సింది కూడా ఆవిడే చెప్పేస్తుంది. సాఫ్ట్‌వేర్ సంగతి టర్మ్ అయ్యాకే. అది వేరు, ఇది వేరు. చేపలు మళ్ళీ చచ్చాయంటే మాత్రం ఊరుకోను.”

“అలాగే మేడం,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె కళ్ళు తుడుచుకుని నా పక్క కుర్చీలో కూర్చుంది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఖాళీగా ఉన్నచోట నాకోసం ఒక చుక్క పెట్టింది, తన చుక్కని లాగి దాని పక్కనే ఉంచింది. రెంటికీ గీత కలిపింది, తన చుక్క నుంచి ఆఫీసు గదికి ఇంకో గీత గీసింది. తర్వాత మూల ఉన్న ఆఫీసు గది చుక్క మీద నొక్కి, మొదలుపెట్టే ముందే దాన్ని ఎరుపు చేసింది.

“ఇప్పుడు నొక్కండి.”

“మీరే నొక్కండి.”

“అమ్మో, మళ్ళీ మొదలుపెట్టారా? కలిసి నొక్కుదాం పట్టండి.”

నొక్కాం. అసలు మాట మొదలైంది ఆఫీసు గది మూల నుంచి.

సాయంత్రం గంట కొట్టేసరికి వాన ఇంకా తెరిపివ్వలేదు. సైకిల్ షెడ్డు దగ్గర ఆమె నా గొడుగు నా చేతిలో పెట్టింది.

“ఇదిగోండి, మీది మీకు.”

“మరి మీకో?”

“నాకు వానంటే ఇష్టమండీ,” అని, నా మొహం చూసి నవ్వాపుకోలేక, గొడుగు కిందికి వచ్చేసింది.

గళ్ళ కిటికీ కింద ఇద్దరం గేటు వైపు నడుస్తుంటే వరండాలోంచి రెండు జడలు గట్టిగా అరిచింది.

“సార్! ఇప్పుడు ఈ మాట ఎవరికి చెప్పాలి సార్? నీలం చుక్క ఒక్కటి కూడా లేదు!”